ఫారంలో ఎంచుకున్నదాన్ని బట్టి ఫిల్టర్ షరతు కట్టడం: ధాన్యం కొనుగోలు రిజిస్టర్‌తో సమగ్ర మార్గదర్శి

మిర్యాలగూడ చుట్టుపక్కల ఏ రైస్‌మిల్లు ఆఫీసులోనైనా సీజన్ నడుస్తుంటే గుమస్తాను అడిగే ప్రశ్నలు ఒక్క తీరుగా ఉండవు. "తిప్పర్తి మండలం నుంచి నిన్నటిదాకా ఎన్ని క్వింటాళ్లు దిగినయ్?" అని ఒకరు, "బీపీటీ, ఆర్ఎన్ఆర్ వడ్ల రకాలు రెండిట్ల పైసలు కట్టనివి తీయ్" అని ఇంకొకరు, "తేమ 17 దాటినవి ఏయే ఊళ్లవి?" అని మరొకరు. రిజిస్టర్ మైక్రోసాఫ్ట్ యాక్సెస్ డేటాబేస్‌లో ఉంటే ఒక్కో ప్రశ్నకు ఒక్కో క్వెరీ (టేబుల్ నుంచి కావాల్సిన రసీదులను తీసే ఆదేశం) రాసిపెట్టుకోవడం మొదట్లో సులువుగానే అనిపిస్తుంది. కానీ మండలం, గ్రామం, రకం, మొదటి తేదీ, చివరి తేదీ, తేమ, చెల్లింపు, రైతు పేరు అని ఎనిమిది పెట్టెలుంటే, ఒక్కోటి నింపవచ్చు లేదా వదిలేయవచ్చు కాబట్టి 256 రకాల ప్రశ్నలు పుడతాయి. అన్ని క్వెరీలు ఎవరూ రాయలేరు. అందుకే బటన్ నొక్కిన క్షణంలో, నింపిన పెట్టెలను మాత్రమే చూసి షరతును అప్పటికప్పుడు కట్టాలి.

ఇందులో పట్టుకోవాల్సిన సూత్రం ఒక్కటే. ఖాళీగా వదిలిన పెట్టె షరతులో ఒక్క అక్షరం కూడా రాయకూడదు.

చాలామంది దీనికి అడ్డదారి వెతుకుతారు. క్వెరీ డిజైన్‌లో క్రైటీరియా (షరతు రాసే) వరుసలో లైక్ (Like) రాసి, ఫారం పెట్టె విలువ పక్కన చుక్క గుర్తు (*) తగిలిస్తారు. పెట్టె ఖాళీ అయితే "ఏదైనా సరే" అవుతుందన్నది లెక్క. కాదు. తేమ కొలవకుండా వదిలేసిన రసీదులో ఆ గడి నల్‌గా (Null, అంటే ఏ విలువా లేకుండా) ఉంటుంది. నల్‌ను చుక్క గుర్తుతో పోల్చినా జవాబు 'అవును' అని రాదు. అంటే ఏమీ ఎంచుకోకపోయినా కొన్ని రసీదులు చప్పుడు లేకుండా మాయమవుతాయి, మొత్తం క్వింటాళ్లు తక్కువ చూపిస్తాయి, తప్పు ఎక్కడుందో ఎవరికీ తట్టదు. ఇంకో పద్ధతి ఉంది: ప్రతి గడికీ "లేదా పెట్టె ఖాళీ" అని రాయడం. రెండు మూడు పెట్టెలకు అది పనిచేస్తుంది. అయిదారు దాటాక యాక్సెస్ ఆ క్వెరీని సేవ్ చేసేటప్పుడు తన పద్ధతిలో విడదీసి తిరగరాస్తుంది, మళ్లీ తెరిస్తే మనం రాసిందేదో మనకే అర్థం కాదు.

ముందు టేబుళ్లు సరిగ్గా ఉండాలి

ఫిల్టర్ కష్టాల్లో సగం టేబుల్ దగ్గరే పుడతాయి. కొనుగోళ్ల టేబుల్‌లో రసీదు నంబరు, కొనుగోలు తేదీ, రైతు పేరు, గ్రామం ఐడీ, రకం కోడ్, క్వింటాళ్లు, తేమ, చెల్లింపు ఉంటాయనుకుందాం. తేదీ గడికి ఒట్టి 'డేట్' అని పేరు పెట్టకండి. అది యాక్సెస్ తన కోసం ఉంచుకున్న పదం, కోడ్‌లో తికమక చేస్తుంది.

ఊరు, మండలం, జిల్లా పేర్లను రసీదులో టైప్ చేయించకూడదు. గ్రామాల టేబుల్, మండలాల టేబుల్ విడిగా పెట్టి, రసీదులో గ్రామం ఐడీ మాత్రమే ఉంచాలి. మన జిల్లాల్లో ఇది మరీ అవసరం. 2016 అక్టోబర్ 11న పాత నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి విడిపోయాయి. పాత మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల అదే రోజు ఏర్పడ్డాయి. నారాయణపేట 2019 ఫిబ్రవరిలో జిల్లా అయింది. జిల్లా పేరును ప్రతి రసీదులో అక్షరాలతో రాసి ఉంటే, ఒకే ఊరి పాత రసీదు నల్లగొండ కింద, కొత్తది సూర్యాపేట కింద పడుతుంది. మండలాల టేబుల్‌లో జిల్లా గడి ఒక్కటి మారిస్తే అన్ని రసీదులూ కలిసే వస్తాయి. పైగా మిర్యాలగూడ, మిర్యాలగుడ, మిర్యాల గూడ అని ముగ్గురు మూడు తీర్ల కొడితే ఏ ఫిల్టరూ కాపాడలేదు.

ఈ మూడు టేబుళ్లనూ కలిపే క్వెరీ ఒకటి రాసి, దాన్నే ఫారం రికార్డ్ సోర్స్‌గా (ఫారానికి డేటా వచ్చే చోటుగా) పెట్టండి. మండలం ఐడీ గడి ఆ క్వెరీలోకి వచ్చి ఉండాలి. లేకపోతే దాని మీద ఫిల్టర్ పెట్టడం కుదరదు.

ఫారం

కంటిన్యువస్ ఫారం (రసీదులు ఒకదాని కింద ఒకటి కనిపించే ఫారం) తీసుకుని, వెతికే పెట్టెలన్నీ ఫారం హెడర్‌లో పెట్టాలి. వీటి కంట్రోల్ సోర్స్ (పెట్టెను టేబుల్ గడికి కట్టే ఏర్పాటు) ఖాళీగా ఉండాలి. ఇది మరిచిపోతే జరిగేది చిన్న నష్టం కాదు: పెట్టె రైతు పేరు గడికి కట్టి ఉంటే, వెతకడానికని టైప్ చేసిన పేరు ఆ సమయంలో ఎంపికై ఉన్న రసీదు మీద పడి, అసలు పేరును తుడిచేస్తుంది.

మండలం, గ్రామం కాంబో బాక్సులు (జాబితాలోంచి ఒకటి ఎంచుకునే పెట్టెలు). రకానికి లిస్ట్ బాక్స్ పెట్టి మల్టీ సెలెక్ట్‌ను సింపుల్‌గా ఉంచండి, బీపీటీ 5204, ఆర్ఎన్ఆర్ 15048, ఎంటీయూ 1010 లాంటివి ఒకేసారి ఎన్నైనా ఎంచుకోవచ్చు. చెల్లింపుకు చెక్ బాక్స్ పెట్టకండి. అందులో 'కట్టినవి', 'కట్టనివి' ఉంటాయి గానీ 'అన్నీ' అనేది ఉండదు. ట్రిపుల్ స్టేట్ అనే ఏర్పాటు ఉంది కానీ బూడిద రంగు గడి అంటే ఏమిటో గుమస్తాకు ప్రతిసారీ చెప్పాల్సి వస్తుంది. రెండు వరుసల కాంబో పెట్టి, ఖాళీ అంటే అన్నీ అనుకోవడం మేలు. తేమకు కూడా కాంబోనే: 17 వరకు, 17 పైన, నమోదు కానివి. మూడోది ఎందుకో కింద వస్తుంది. తేదీ పెట్టెలకు ఫార్మాట్‌లో షార్ట్ డేట్ ఇస్తే తేదీ కానిది లోపలికి రాదు.

మండలం మారితే గ్రామాల జాబితా మారాలి. మండలం కాంబో ఆఫ్టర్ అప్‌డేట్‌లో రెండు పనులు చేయాలి: గ్రామం పెట్టెను ముందు నల్ చేయాలి, తర్వాత రీక్వెరీ చేయాలి (జాబితాను మళ్లీ తెప్పించాలి). మొదటిది వదిలేస్తే నిడమనూరు మండలం ఎంచుకున్నా పెట్టె లోపల పాత తిప్పర్తి మండలం ఊరి ఐడీ దాగి ఉంటుంది. రెండూ కలిసిన రసీదు ఒక్కటీ ఉండదు కాబట్టి ఫారం ఖాళీగా వస్తుంది.

ఈ ఫారంలో కొత్త రసీదు ఎక్కించకూడదనుకుంటే, అలో అడిషన్స్‌ను 'నో' చేయడం అంత మంచిది కాదు. ఫిల్టర్‌కు ఒక్క రసీదూ దొరకనప్పుడు డీటైల్ భాగం పూర్తిగా తెల్లబోతుంది, హెడర్‌లోని పెట్టెలు కూడా కొన్నిసార్లు సరిగా స్పందించవు. దానికి బదులు బిఫోర్ ఇన్సర్ట్‌లో క్యాన్సిల్ = ట్రూ అని రాయండి.

షరతు కట్టే ఫంక్షన్

కింద కోడ్‌ను చదవడానికి వీలుగా తెలుగు లిపిలో ఇస్తున్నాం. ఎడిటర్‌లో కీ పదాలు, పేర్లు అన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైప్ చేయాలి. కోడ్‌లో 'మీ' అంటే ఇంగ్లిష్ Me, అంటే ఈ ఫారమే.

బటన్ క్లిక్‌లోనే అంతా రాసేయకుండా, షరతును తిరిగి ఇచ్చే ఫంక్షన్ విడిగా రాయండి. స్క్రీన్ మీద ఫిల్టర్‌కు, ప్రింట్ తీసే రిపోర్టుకు, మొత్తాల లెక్కకు అదే ఫంక్షన్ పనికొస్తుంది. మూడు చోట్ల మూడు సార్లు రాస్తే ఏదో ఒక రోజు స్క్రీన్ మీద ఒక అంకె, కాగితం మీద ఇంకో అంకె వస్తుంది.

ఫంక్షన్‌లో ప్రతి పెట్టెకూ ఇలాంటి ఒక ముక్క ఉంటుంది:

ఇఫ్ నాట్ ఈజ్‌నల్(మీ.మండలం) దెన్
షరతు = షరతు & "([మండలం_ఐడీ] = " & మీ.మండలం & ") అండ్ "
ఎండ్ ఇఫ్

ప్రతి ముక్కా బ్రాకెట్లతో మొదలై బ్రాకెట్లతో ముగుస్తుంది, చివర 'అండ్' తగిలి ఉంటుంది. "ఇది మొదటి ముక్కా, కాదా" అని ప్రతిసారీ చూసుకునే పని తప్పుతుంది. అన్ని ముక్కలూ అయ్యాక మిగిలిపోయిన చివరి 'అండ్'ను కత్తిరించాలి. ఇంగ్లిష్‌లో అది ముందూ వెనకా ఖాళీతో కలిపి 5 అక్షరాలు:

ఇఫ్ లెన్(షరతు) > 0 దెన్ షరతు = లెఫ్ట్(షరతు, లెన్(షరతు) - 5)

'లెన్ > 0' చూడకుండా కత్తిరిస్తే, ఏ పెట్టే నింపనప్పుడు లెఫ్ట్‌కు మైనస్ 5 అందుతుంది, ఎర్రర్ 5 వస్తుంది.

టెక్స్ట్ పెట్టెలకు ఈజ్‌నల్ ఒక్కటే చాలదు. కోడ్ నుంచి పెట్టెను ఖాళీ కొటేషన్‌తో తుడిచి ఉంటే అది నల్ కాదు, సున్నా పొడవున్న అక్షర వరుస. లెన్(మీ.పేరు & "") > 0 అని చూస్తే రెండూ పట్టుబడతాయి.

ఏ గడికి ఏ గుర్తు

అంకెల గడికి విలువ చుట్టూ ఏమీ పెట్టకూడదు. అక్షరాల గడికి కొటేషన్. తేదీకి రెండు వైపులా # గుర్తు. ఇక్కడ విలువ ఎలా కనిపిస్తుందన్నది లెక్కలోకి రాదు, టేబుల్ డిజైన్‌లో గడి రకం ఏమిటన్నదే లెక్క. పాస్‌బుక్ నంబరు అంకెల్లాగే కనిపిస్తుంది, కానీ దాన్ని షార్ట్ టెక్స్ట్‌గా పెట్టి ఉంటే కొటేషన్ తప్పనిసరి.

పేరు పెట్టెకు లైక్ వాడాలి, ముందూ వెనకా చుక్క గుర్తు. పేరులోనే ఒంటి కొటేషన్ ఉంటే షరతు మధ్యలో తెగిపోతుంది, కాబట్టి రీప్లేస్‌తో ఒంటి కొటేషన్‌ను రెండుగా మార్చి కలపాలి. రైతుల పేర్లలో అది అరుదే అయినా, అడ్తిదారుల ఫర్మ్ పేర్లలో వస్తుంది. పేరు ముందు చుక్క గుర్తు ఉంటే ఇండెక్స్ (త్వరగా వెతకడానికి టేబుల్ ఉంచుకునే సూచిక) పనికిరాదని కూడా గుర్తుంచుకోండి. కొన్ని వేల రసీదులకు తేడా తెలియదు. లక్షల్లో ఉంటే పేరు మొదటి అక్షరాల నుంచే వెతికించడం మంచిది.

క్వింటాళ్లు, రూపాయల పెట్టెలో ఎవరైనా 1,00,000 అని కామాలతో కొట్టి, మీరు వాల్ (Val) ఫంక్షన్ వాడి ఉంటే, అది మొదటి కామా దగ్గరే ఆగి 1 అని ఇస్తుంది. సీడబుల్ (CDbl) వాడండి.

తేదీ

అన్నిటికన్నా ఎక్కువమందిని ముంచేది ఇదే. మన కంప్యూటర్లలో తేదీ రోజు-నెల-ఏడాది వరుసలో ఉంటుంది. యాక్సెస్ మాత్రం షరతులో # గుర్తుల మధ్య తేదీని నెల ముందుగా చదువుతుంది, విండోస్ సెట్టింగ్ ఏదైనా సరే. 05/11/2024 అని పంపితే నవంబర్ 5 కాదు, మే 11 అవుతుంది. అసలు చిక్కు ఇంకోటి ఉంది: 25/11/2024 అని పంపితే 25వ నెల లేదు కాబట్టి అది తనంతట తానే సర్దుకుని నవంబర్ 25 అని సరిగ్గా చదువుకుంటుంది. అంటే నెలలో 13వ తేదీ నుంచి అంతా బాగానే ఉంటుంది, 1 నుంచి 12 దాకా తప్పుతుంది. నెలాఖరులో పరీక్షించి అప్పగించిన ఫారం తర్వాతి నెల మొదటి వారంలో పిచ్చి లెక్కలు చూపించడానికి కారణం ఇదే.

తేదీని ఏడాది-నెల-రోజు వరుసలోకి మార్చి పంపండి, అందులో రెండు అర్థాలకు తావు లేదు. ఫార్మాట్ ఫంక్షన్‌లో ఏడాదికి నాలుగు వై, నెలకు రెండు ఎం, రోజుకు రెండు డీ, మధ్యలో అడ్డగీతలు. అడ్డగీతలకూ, రెండు చివర్లా # గుర్తులకూ ముందు బ్యాక్‌స్లాష్ పెట్టాలి. లేకపోతే వాటిని ఫార్మాట్ తన సొంత గుర్తులుగా చదవొచ్చు.

రెండో లోపం చివరి తేదీ దగ్గర. రసీదు ఎక్కించేటప్పుడు నౌ (Now) ఫంక్షన్ వాడి ఉంటే తేదీతోపాటు గంటలు కూడా నమోదవుతాయి. "నవంబర్ 30 వరకు" అంటే యాక్సెస్‌కు ఆ రోజు అర్ధరాత్రి 12 గంటలు, అంటే రోజు మొదలైన క్షణం. 30న పగలు కాంటా అయిన ధాన్యమంతా లెక్కలోంచి జారిపోతుంది. బిట్వీన్ వాడకుండా, మొదటి తేదీకి >= అని, చివరి తేదీకి ఒక రోజు కలిపి < అని రాయండి. మొదటి తేదీ, చివరి తేదీ రెండు విడి ముక్కలుగా ఉంటే, ఒక్కటే నింపినా పనిచేస్తుంది.

యాసంగి, వానాకాలం అని సీజన్ వారీగా కావాలంటే షరతులో మంత్ ఫంక్షన్ పెట్టి నెల పట్టుకోకండి. గడిని ఫంక్షన్‌లో చుడితే ఇండెక్స్ పనిచేయదు, యాసంగి రెండు క్యాలెండర్ ఏళ్ల మీద నడుస్తుంది. సీజన్ల టేబుల్‌లో మొదలు, ముగింపు తేదీలు పెట్టి, ఎంచుకోగానే ఆ రెండు తేదీ పెట్టెలు నిండేలా చేస్తే చాలు.

ఒకటికి మించి ఎంచుకుంటే

మల్టీ సెలెక్ట్ పెట్టిన లిస్ట్ బాక్స్ విలువ ఎప్పుడూ నల్లే, పది రకాలు ఎంచుకున్నా సరే. అందుకే ఈజ్‌నల్‌తో చూస్తే రకం ముక్క ఎన్నటికీ చేరదు, ఎర్రరూ రాదు. ఎంచుకున్న వరుసల మీద తిరగాలి:

ఫర్ ఈచ్ వరుస ఇన్ మీ.రకాలు.ఐటమ్స్‌సెలెక్టెడ్
జాబితా = జాబితా & "'" & మీ.రకాలు.ఐటమ్‌డేటా(వరుస) & "',"
నెక్స్ట్ వరుస

జాబితా ఖాళీ కాకపోతే చివరి కామా తీసేసి, "([రకం_కోడ్] ఇన్ (" కు జాబితా కలిపి, బ్రాకెట్లు మూసి, 'అండ్' తగిలించాలి. ఇన్ బదులు ఒక్కో రకానికి 'ఆర్' పెట్టి కూడా రాయొచ్చు. అప్పుడు ఆ మొత్తం ముక్క చుట్టూ బ్రాకెట్లు ఉన్నాయో లేదో రెండుసార్లు చూసుకోండి. 'అండ్' ముందు కడుతుంది, 'ఆర్' తర్వాత. బ్రాకెట్లు లేకుండా "బీపీటీ లేదా ఆర్ఎన్ఆర్, ఇంకా కట్టనివి" అని రాస్తే, బీపీటీ రసీదులన్నీ కట్టినా కట్టకపోయినా వచ్చేస్తాయి, ఆర్ఎన్ఆర్‌లో మాత్రం కట్టనివే వస్తాయి.

తేమ, చెల్లింపు

ప్రభుత్వ కొనుగోలులో తేమ పరిమితి 17 శాతం కాబట్టి గీత అక్కడే గీస్తాం. "17 వరకు" అని ఎంచితే <= 17, "17 పైన" అంటే > 17. తేమ రాయని రసీదు ఈ రెండింట్లోనూ రాదు. నల్‌ను దేనితో పోల్చినా జవాబు 'అవును' కాదు, 'కాదు' కూడా కాదు. అందుకే 'నమోదు కానివి' అనే మూడో వరుస పెట్టి, దానికి ఈజ్ నల్ రాయాలి. '= నల్' అని రాస్తే ఎన్నడూ ఏదీ దొరకదు.

చెల్లింపు గడి యస్/నో అయితే యాక్సెస్ దాన్ని -1, 0 గా దాచుకుంటుంది. టేబుళ్లు ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే వేరే డేటాబేస్‌లో ఉంటే అక్కడ 1, 0. '= -1' అని రాసిన షరతు సర్వర్ మీదికి మారిన రోజు విఫలమవుతుంది. కట్టినవాటికి '<> 0', కట్టనివాటికి '= 0' అని రాస్తే రెండు చోట్లా నడుస్తుంది.

షరతును వాడటం

బటన్ క్లిక్‌లో మొదట, సగం దిద్దిన రసీదు ఉంటే సేవ్ చేయాలి: ఇఫ్ మీ.డర్టీ దెన్ మీ.డర్టీ = ఫాల్స్. తర్వాత ఫంక్షన్‌ను పిలిచి, షరతు ఖాళీగా వస్తే మీ.ఫిల్టర్‌ఆన్ = ఫాల్స్. లేకపోతే మీ.ఫిల్టర్‌కు షరతు ఇచ్చి, మీ.ఫిల్టర్‌ఆన్ = ట్రూ. మొత్తం క్వింటాళ్లకు ఫారం ఫుటర్‌లో =సమ్([క్వింటాళ్లు]) అని ఒక పెట్టె పెడితే అది ఫిల్టర్‌ను అనుసరించే కూడుతుంది.

రిపోర్టుకు డూకమాండ్.ఓపెన్‌రిపోర్ట్‌లో (DoCmd.OpenReport) వేర్ కండిషన్ స్థానంలో అదే షరతు ఇవ్వాలి. రిపోర్టు అప్పటికే తెరిచి ఉంటే కొత్త షరతును పట్టించుకోదు, పాత పేజీనే ముందుకు తెస్తుంది. కాబట్టి ముందు మూసేసి తెరవండి. ఏ మండలం, ఏ తేదీల లెక్కో రిపోర్టు పైన అచ్చయ్యేలా చేయండి, లేకపోతే వారం తర్వాత ఆ కాగితం ఎందుకు తీశారో ఎవరూ చెప్పలేరు. ఫారం ప్రాపర్టీల్లో ఫిల్టర్ ఆన్ లోడ్ 'నో' అని ఉందో లేదో కూడా చూడండి. 'యస్' ఉంటే డిజైన్‌తోపాటు సేవ్ అయిన పాత ఫిల్టర్ మర్నాడు తనంతట తానే దిగుతుంది.

ఆగిపోతే ఎక్కడ చూడాలి

మొదటి పని ఎప్పుడూ ఒక్కటే: డీబగ్.ప్రింట్ షరతు అని రాసి, కంట్రోల్-జీ నొక్కి, కట్టిన వాక్యాన్ని కళ్లతో చదవండి. కోడ్ చూస్తూ ఊహించడం కన్నా ఇది చాలా త్వరగా తేలుతుంది. ఎర్రర్ 3075 అంటే వాక్య నిర్మాణం చెడింది: బ్రాకెట్ మూయలేదు, 'అండ్' ముందు ఖాళీ లేదు, లేదా పేరులోని కొటేషన్ తెంచేసింది. 3464 అంటే గడి రకం, గుర్తు కలవలేదు. పారామీటర్ విలువ అడుగుతూ చిన్న కిటికీ తెరుచుకుంటే, గడి పేరు తప్పు పడింది లేదా అక్షరాల విలువకు కొటేషన్ పెట్టలేదు. 3061 వస్తే, ఫారం పెట్టె పేరు ఉన్న క్వెరీని కోడ్ నుంచి రికార్డ్‌సెట్‌గా తెరుస్తున్నారు. విలువను బయటికి తీసి షరతులో కలపాలి.

తెలుగు డేటాతో వచ్చే చిక్కులు

టేబుళ్లు, ఫారాలు తెలుగును బాగానే చూపిస్తాయి, వీబీఏ ఎడిటర్ (యాక్సెస్‌లో కోడ్ రాసే కిటికీ) మాత్రం చూపించదు. కోడ్‌లో తెలుగు అక్షరాలు పేస్ట్ చేస్తే ప్రశ్నార్థకాల వరుస అవుతుంది, షరతు ఆ ప్రశ్నార్థకాలనే వెతుకుతుంది. గడుల పేర్లు, రకం కోడ్‌లు ఇంగ్లిష్‌లో ఉంచి, తెలుగు విలువలు ఎప్పుడూ పెట్టె నుంచో టేబుల్ నుంచో వచ్చేలా చూడండి. "రసీదులు దొరకలేదు" లాంటి మాటను కోడ్‌లో రాయకుండా, ఫారంలో ఒక లేబుల్‌గా పెట్టి, అవసరమైనప్పుడు కనిపించేలా చేస్తే సరిపోతుంది.

పేర్లలో ఇంకో కనపడని ముల్లు ఉంది. వెంకట్‌రెడ్డి అని టైప్ చేసేటప్పుడు ట్, రె కలిసిపోకుండా కీబోర్డు ఒక అదృశ్య అక్షరాన్ని పెడుతుంది, దాని సంఖ్య 8204. ఒకరు దానితో, ఇంకొకరు అది లేకుండా ఎక్కిస్తారు. రసీదు సేవ్ చేసేటప్పుడు, వెతికేటప్పుడు రెండు చోట్లా రీప్లేస్‌తో ఆ అక్షరాన్ని తీసేయండి. అయినా వెంకటరెడ్డి, వెంకట్ రెడ్డి వేరువేరే కాబట్టి, పేరు మీదే ఆధారపడకుండా పాస్‌బుక్ నంబరుతో వెతికే పెట్టె ఒకటి పక్కన ఉంటే మంచిది.

డేటా ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఉంటే తెలుగు గడి రకం ఎన్‌వార్‌కార్ (nvarchar) అయి ఉండాలి, సర్వర్‌కే నేరుగా పంపే షరతులో రాసిన విలువ ముందు ఎన్ (N) అక్షరం ఉండాలి. ఇక వెబ్ ఫారం నుంచి సర్వర్‌కు పోయే షరతులో విలువలను ఇలా అతికించనే కూడదు. మిల్లు లోపల వాడే ఫారంలో కొటేషన్ పొరపాటు ఒక ఎర్రర్‌తో పోతుంది, వెబ్‌లో అదే పొరపాటు ద్వారా ఎవరైనా టేబుల్‌నే లాగేయగలరు. ముక్కలు కట్టే పద్ధతి ఇదే, కానీ విలువ ఉండాల్సిన చోట ప్రశ్నార్థకం పెట్టి, విలువలను అదే వరుసలో వేరే జాబితాగా పంపాలి. ఇన్‌కు ఎన్ని ఎంచుకుంటే అన్ని ప్రశ్నార్థకాలు. ఏమీ ఎంచకపోతే ఆ ముక్కే రాయకూడదు, ఖాళీ బ్రాకెట్లు మైఎస్‌క్యూఎల్‌లో ఎర్రర్. గడి పేరుకు ప్రశ్నార్థకం పనిచేయదు. ఏ గడి ప్రకారం వరుస పెట్టాలో వాడేవాళ్లే ఎంచుకుంటుంటే, అనుమతించిన పేర్ల జాబితాతో సరిచూసి తీసుకోండి.

అప్పగించే ముందు

ఏ పెట్టే నింపకుండా వచ్చిన మొత్తం క్వింటాళ్లు రాసిపెట్టుకోండి. తర్వాత చెల్లింపు ఒక్కటే మార్చి, కట్టినవి, కట్టనివి కూడితే అదే మొత్తం రావాలి. తేమ మూడు వరుసలూ కూడినా అదే. మండలం వారీగా కూడినప్పుడు తక్కువ వస్తే, గ్రామం ఐడీ లేని రసీదులు ఉన్నట్టు (టేబుళ్లను కలిపిన క్వెరీ అలాంటి రసీదులనూ చూపేలా, అంటే లెఫ్ట్ జాయిన్‌తో, కట్టి ఉంటేనే ఇది బయటపడుతుంది). చివరగా నెలలో 12వ తేదీ లోపు ఒక రోజును రెండు తేదీ పెట్టెల్లోనూ ఇచ్చి, ఆ రోజు కాంటా పుస్తకంతో సరిచూడండి.